శుక్రవారం గొంతు

"ఇంకోసారి కొట్టు. ఊరందరికీ వినపడేదాకా కొట్టు," అంది కనకరత్నం గుమ్మంలో నిలబడి.

లిడియా చేతుల్లో స్టీలు పళ్ళెం, గరిటె అలాగే ఉన్నాయి. ఎదురుగా వరండాలో చెక్కబల్ల మీద, వీపు ఇటు పెట్టి కూర్చుని, అభిషేక్ కొబ్బరిచిప్పలో ఇసక పోసుకుంటున్నాడు. నిండగానే వంపేస్తున్నాడు. మళ్ళీ పోసుకుంటున్నాడు.

లిడియా మళ్ళీ కొట్టింది. పెరట్లో కోళ్ళు చెదిరి పరిగెత్తేయి. పక్కింటి కుక్క మొరిగింది.

పిల్లవాడి మెడ తిరగలేదు.

"అభీ! నాన్నా! అమ్మనొచ్చేనురా!"

చిప్ప నిండింది. వంపేడు.

"నిన్న మధ్యాహ్నం దిగేవు. ఇంకా పెట్టె తాళమైనా తియ్యలేదు, అప్పుడే పిల్లాడికి పరీక్షలు పెడుతున్నావు," అంది కనకరత్నం. "వాడి ఎనిమిదో నెలలో వదిలేసి పోయేవు. ఇప్పుడు వాడికి మూడేళ్ళు నిండబోతున్నాయి. నువ్వు పిలిస్తే ఎందుకు తిరుగుతాడు? నువ్వెవరని?"

"నన్ను చూసి తిరగమనట్లేదు అత్తయ్యా. చప్పుడుకి తిరగమంటున్నాను."

"వినపడుతుందో లేదో నేను చూపిస్తానుండు."

కనకరత్నం వచ్చి బల్ల ఈ చివర అరిచేత్తో గట్టిగా చరిచింది. అభిషేక్ చటుక్కున తిరిగేడు. నానమ్మని చూసి పాలపళ్ళన్నీ కనపడేలా నవ్వేడు.

"చూసేవా? చెవిటోడంట చెవిటోడు! నా మనవణ్ణి పట్టుకుని!"

లిడియా గుండెల్లోంచి ఒక బరువు దిగబోయింది. దిగలేదు. ఆమె పిల్లవాణ్ణి ఎత్తి కిందకి దింపి, గచ్చు మీద కూర్చోబెట్టింది. చిప్ప కూడా తెచ్చి ముందు పెట్టింది. వెనక్కొచ్చి అదే బల్లని, అత్తగారు చరిచినచోటే, రెండు చేతులా చరిచింది.

అభిషేక్ ఇసక పోసుకుంటున్నాడు.

"బల్ల అదిరితే తిరిగేడు అత్తయ్యా," అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "వినపడి కాదు."

కనకరత్నం కొంగు దులుపుకుని లోపలికి పోయింది. వంటింట్లో గిన్నె ఒకటి కావాలని గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించింది. లిడియా ఆ చప్పుడుక్కూడా కొడుకు మెడ వంకే చూసింది.

జోజి రొయ్యల చెరువు దగ్గర్నుంచి వచ్చేసరికి లిడియా బల్ల మీద ఫోను పెట్టుకుని కూర్చుంది. అతని పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. భార్య మొహం చూసి, కాళ్ళు కడుక్కునే నెపంతో పంపు దగ్గరే చాలాసేపు ఉండిపోయేడు.

"ఇలా రండి. మీకొకటి వినిపించాలి."

"ముందు టీ తాగనివ్వవా?"

లిడియా ఫోన్లో దాచుకున్న వాయిస్ మెసేజ్ నొక్కింది.

*"అమ్మా! అన్నం తిన్నాను. నువ్వు తిన్నావా? ఎప్పుడొస్తావు?"*

ముద్దుగా, కొంచెం ముక్కుతో పలికే గొంతు. చివర్న చిన్న నవ్వు.

కువైట్‌లో ఆమె పనిచేసే ఇంట్లో వీడియో కాల్ చెయ్యనివ్వరు. ఇంటి లోపలిది బయటికి కనపడకూడదని మేడమ్ పట్టుదల. శుక్రవారం మధ్యాహ్నం కాసేపు ఫోను చేతికిస్తుంది. ఆ కాసేపట్లో ఈ గొంతు వచ్చేది. గిన్నెలు తోముతూ, అన్నం వారుస్తూ, మళ్ళీ శుక్రవారం దాకా ఆ మాటలే మనసులో తిప్పుకునేది లిడియా. రెండేళ్ళైనా నిండకుండా ఇన్ని మాటలేవిటని తోటి పనివాళ్ళంటే, "వస నేనే అరగదీసి నాకించేనమ్మా, ఎక్కువైనట్టుంది" అని మురిసిపోయేది.

ఆ ఇంటివాళ్ళు వేసవికి లండన్ వెళ్తూ ఈమెని రెండు నెలలు ఇంటికి పంపించేరు. ఎవరికీ చెప్పకుండా వచ్చింది. ఆ గొంతు ఎదురుగా వినాలని.

"ఇది మన వాడి గొంతేనా?"

జోజి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. మెడ ఎప్పుడో ఆరిపోయింది.

"మిమ్మల్నే."

"వాడిది కాకపోతే ఎవరిది?" వంటింట్లోంచి కనకరత్నం సమాధానం చెప్పింది. "నిన్నటిదాకా గలగలా మాట్లాడేడు. నువ్వు తలుపు తోసుకుని మీద పడి ఏడ్చేసరికి దడుచుకున్నాడు. మాట పడిపోయింది. దేవుడి దయవల్ల రెండ్రోజుల్లో వస్తే వస్తుంది. లేకపోతే ఆ పాపం నీదే."

"నిన్నొచ్చిన దడుపుకి, పుట్టిన్నాటి వినికిడి పోతుందా అత్తయ్యా?"

"అవన్నీ నాకు తెలీవు. నేను చదువుకోలేదు."

అప్పటిదాకా తలుపు పక్కన చాటలో బియ్యం ఏరుకుంటున్న జెస్సీ తలెత్తింది. జోజికి చెల్లెలు. మొగుడు మస్కట్‌లో ఉంటే కూతుర్ని పెట్టుకుని పుట్టింట్లోనే ఉంటోంది. కూతుర్ని మాత్రం నిన్న మధ్యాహ్నం, లిడియా స్నానానికి వెళ్ళగానే బయల్దేరి, అంగన్‌వాడీ నుంచి అటునుంచటే రాజోలు తీసుకుపోయి నానమ్మ దగ్గర దింపేసి వచ్చింది.

"వదినా, నేనొకటంటాను, ఏమనుకోకు," అంది. "కువైట్‌లో మీ మేడమ్ పిల్లాడికి మాటలు నేర్పుతున్నానని నువ్వే మెసేజ్ పెట్టి నవ్వేవుగా. 'నీళ్ళు' అంటున్నాడు, 'రా' అంటున్నాడు, నన్నే అమ్మా అంటున్నాడు అని. వాడికి తెలుగు నేర్పే బదులు, వీడికి నేర్పితే పోయేది."

లిడియాకి ఆ మెసేజ్ పెట్టిన రోజు గుర్తుంది. నిజంగానే నవ్వింది. ఆ పిల్లాడి నోట మొదటి మాట తన మాటే వచ్చిందని గర్వపడింది కూడా.

"బండి తియ్యండి," అంది జోజితో. "అమలాపురం పోదాం. చెవులు చూసేవాళ్ళు ఉంటారు."

"అమలాపురంలో ఏముంటుంది? రాజమండ్రి పోదాం. పెద్ద డాక్టర్లుంటారు. వచ్చే వారం..."

"ఇవాళే. అమలాపురమే."

జోజి తల్లి వైపు చూసేడు. తల్లి జెస్సీ వైపు చూసింది. జెస్సీ మళ్ళీ చాటలోకి తల వంచేసింది.

గడియారస్తంభం దాటేక, మందుల షాపు మేడ మీద ఉంది ఆ క్లినిక్. ఎవర్నీ అడక్కుండానే జోజి బండి సరిగ్గా ఆ మెట్ల ముందు ఆపేడు. లిడియాకి అది అప్పుడు తట్టలేదు.

"నువ్వు తీసుకెళ్ళు. నేను బండి దగ్గరుంటాను."

"రండి పైకి."

"ఇక్కడ బండి పెట్టనివ్వరు లిడియా. చెప్తే విను."

పైన చిన్న గది. గోడలకి మెత్తటి బట్ట అంటించి ఉంది. వినికిడి పరీక్షలు చేసే మేడమ్ ముప్పై ఏళ్ళ లోపు మనిషి. పిల్లవాణ్ణి చూడగానే కళ్ళు చిన్నవి చేసి చూసింది.

"బాబు పేరేంటండీ?"

"అభిషేక్ అండి. ఉప్పలగుప్తం దగ్గర మాది."

"అదే అనుకున్నాను. ఎడం కనుబొమ్మ మీద మచ్చ చూసి గుర్తుపట్టేను. ఇన్నాళ్ళకి తీసుకొచ్చేరా! మీరేమవుతారండీ బాబుకి?"

"వాళ్ళమ్మనండి."

ఆవిడ చెయ్యి బల్ల మీద ఆగిపోయింది.

"అమ్మగారంటే... కిందటేడు వాళ్ళ అమ్మా నాన్నా తీసుకొచ్చేరు కదండీ. ఆవిడ కొంచెం పొడుగ్గా, చామనచాయగా..."

లిడియా కొడుకుని గట్టిగా పట్టుకుంది. పిల్లవాడు నొచ్చుకుని పెనుగులాడేడు.

"కిందటేడు అంటే?"

"ఏడాది దాటిందండి. అప్పుడే నిద్రపుచ్చి పరీక్ష చేసేం. రెండు చెవుల్లోనూ బాగా ఎక్కువ లోపం ఉందని చెప్పేం. మిషన్లు పెట్టి చూద్దాం, చాలకపోతే ఆపరేషన్ సంగతి పెద్దాసుపత్రి వాళ్ళు చెప్తారు అన్నాను. ఆవిడ బాగా ఏడ్చేరండి. నేనే నీళ్ళిచ్చేను. చెవికి కొలత కూడా తీసుకున్నాం. పది రోజుల్లో వస్తామని వెళ్ళేరు. మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే, రాంగ్ నంబరండి అన్నారు."

ఆవిడ లేచి సొరుగు లాగింది. అడుగున వెతికి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసింది. అందులో రెండు ముక్కలు, జీడిపప్పంత. లేత గులాబీ రంగువి. వంకర తిరిగి, అచ్చం చెవి లోపలి గుంటలాగే ఉన్నాయి.

"ఇవి బాబువేనండి. చెవి అచ్చులు. మిషను చెవిలో కదలకుండా ఇవి పట్టుకుంటాయి. పారెయ్యబుద్ధి కాలేదు."

ఆవిడ ఒకటి తీసి అభిషేక్ చెవిలో పెట్టింది. వేలు తియ్యగానే జారి ఒళ్ళో పడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది. వాడికి ఆట అనిపించి నవ్వేడు.

"చెవి పెరిగిపోయిందండి. కొత్తవి చెయ్యాలి."

"చేస్తే మాట వస్తుందాండీ?"

"వీడి నాలుకలో ఏ లోపం లేదండి. గొంతూ బాగుంది. వినపడలేదు కాబట్టి మాట లేదు, అంతే. మాటకి మొదటి మూడేళ్ళూ మంచి అదునండి. రాదని నేననను. కాని కిందటేడు వచ్చినంత తేలిగ్గా రాదు. మిషను పెట్టేసి ఊరుకుంటే కూడా లాభం లేదు. పక్కన ఒకళ్ళు కూర్చుని రోజంతా మాట్లాడుతూనే ఉండాలి. నీళ్ళు పోస్తే నీళ్ళు అనాలి, తలుపేస్తే తలుపు అనాలి. వందసార్లు అంటే ఒకసారి వాడు అంటాడు. ఆ వచ్చినావిడ అన్నీ చేస్తానన్నారండి."

"ఆయ్," అంది లిడియా.

"మీరెక్కడున్నారండీ ఇన్నాళ్ళూ?"

తప్పుపట్టాలని కాదు, మామూలుగానే అడిగింది ఆవిడ. లిడియా ఒళ్ళో పడిన అచ్చు తీసుకుని పిడికిట్లో పెట్టుకుంది.

"ఇది నేను తీసుకెళ్ళొచ్చాండీ?"

"తీసుకెళ్ళండి. ఇంక ఎవరికీ పనికిరాదు."

కింద జోజి బండి అద్దంలో జుట్టు సవరించుకుంటున్నాడు. లిడియా అతని ముందు పిడికిలి విప్పింది. అతను చూసేడు. ఇదేవిటని అడగలేదు.

అడిగి ఉంటే బాగుండేదని ఆమెకి తర్వాత అనిపించింది. ఏమీ తెలియనివాడైతే అడిగేవాడు.

తిరుగు దారిలో పిల్లవాణ్ణి ముందు పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకున్నాడు జోజి. వాడు వంగి ట్యాంకుకి చెంప ఆనించేడు. బండి అదురుతుంటే కళ్ళు మూసుకుని, దానితో పాటు "ఊఁ... ఊఁ..." అని మూలగసాగేడు. బండి జోరందుకుంటే ఆ మూలుగూ పెరిగేది.

మొరటుగా, ఎత్తూ పల్లం లేకుండా, ఒకటే తీరున సాగే చప్పుడు. ముద్దు లేదు. చివర్న నవ్వు లేదు.

తన కొడుకు అసలు గొంతు లిడియా అప్పుడే మొదటిసారి విన్నది.

"అమ్మనని నువ్వే చెప్పేవా జెస్సీ?"

గేటు తీస్తూనే అడిగింది. జెస్సీ బట్టలారేస్తోంది. తడి చీర చేతుల్లోనే ఉండిపోయింది.

"నేను చెప్పలేదు. వాళ్ళే అనుకున్నారు."

"కాదనలేదా?"

"అక్కడ డాక్టరమ్మ ముందు వంశవృక్షం చెప్పమంటావా?"

"ఏడ్చేవంట కదా."

జెస్సీ కళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. "ఏడ్చేను. అయితే? వాడు నా అన్న కొడుకు. ఎత్తిందీ కడిగిందీ నేనే. నువ్వు కాదు."

"మరి పది రోజుల తర్వాత ఎందుకు తీసుకెళ్ళలేదు?"

జెస్సీ అన్న వైపు చూసింది. అన్న బండి స్టాండు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటున్నాడు.

"నేనే వద్దన్నాను," అంది కనకరత్నం బయటికొచ్చి. "చెవిలో ఆ మిషన్లు పెట్టుకుని తిరిగితే, చూసినోళ్ళంతా చెవిటోడు చెవిటోడు అని పేరెడతారు. జీవితాంతం అదే పేరు. మా వంశంలో ఎవరికీ లేదది. మీ మేనమామకుంది. నీ రక్తంలోంచి తెచ్చేవు, మా ఇంట్లో కనేసి పోయేవు."

"మా మామయ్యకి ముసలితనంలో వచ్చింది అత్తయ్యా."

"ఎప్పుడొస్తేనేం. చెవిటితనం చెవిటితనమే."

లిడియా ఆమెని వదిలేసి మొగుడి ముందుకి వెళ్ళి నిలబడింది.

"మీరు చెప్పండి. నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి?" జోజి తలెత్తలేదు. "మర్నాడే వచ్చేసేదానివి."

"వచ్చేసేదాన్ని."

"వచ్చి? చెరువు మేతకి డబ్బు ఎవరిస్తారు? ఈ ఇల్లు ఎవరు లేపుతారు?" అతను చేత్తో వెనక చూపించేడు. శ్లాబు వేసి ఆపేసిన కొత్త ఇల్లు. స్తంభాల మీద ఇనపచువ్వలు తుప్పు పట్టి ఆకాశంలోకి చూస్తున్నాయి. "ఒక్క ఏడాది ఆగితే పంట చేతికొస్తుంది, శ్లాబు కింద గోడలు లేస్తాయి, అప్పుడు చెప్దాం అనుకున్నాను. రెండు పంటలూ తెల్లమచ్చ తెగులుకి పోయేయి. నేనేం చెయ్యను?"

"రొయ్యలకి మచ్చ కనపడితే అర్ధరాత్రైనా పరిగెడతారు. మందు తెస్తారు, ఫ్యాన్లు తిప్పుతారు, నీళ్ళు మారుస్తారు. వీడికి?"

"మాటలొస్తాయిలే అనుకున్నాను. మా చిన్నాన్నకి నాలుగో ఏటిదాకా రాలేదు."

"వినపడదని పరీక్ష చేసి చెప్పేక కూడానా?"

చెరువుల మీద ఫ్యాన్లు నీళ్ళు చిలుకుతున్న హోరు దూరం నుంచి వస్తోంది. ఆ హోరు ఆగితే ఈ ఊళ్ళో ఎవరికీ నిద్ర పట్టదు. అభిషేక్ ఒక్కడికే తేడా తెలియదు.

"నేనింక తిరిగి వెళ్ళను," అంది లిడియా.

కనకరత్నం నవ్వింది. అరిచినప్పటికంటే ఆ నవ్వు ఎక్కువ తగిలింది.

"వెళ్ళకు. ఇక్కడే కూర్చో. మిషను ఎవరు కొంటారు? వీడి మొహం చూడు." కొడుకు వైపు గడ్డం చూపించింది. "ఆపరేషనంటే ఎన్ని ఊళ్ళు తిరగాలి? దానికి నువ్వెళ్ళి సంపాదించాలి. సరే, వెళ్ళి సంపాదించు. మిషను వస్తుంది. పక్కన కూర్చుని వందసార్లు నీళ్ళు నీళ్ళు అని ఎవరంటారు? నాకు ఓపిక లేదు. జెస్సీ రేపో మాపో మొగుడి దగ్గరికి పోతుంది. ఆ పనికి నువ్వుండాలి. ఉంటే మిషను లేదు. వెళ్తే మనిషి లేదు. ఏదో ఒకటి తేల్చుకో అమ్మాయ్. రెండు చోట్లా నువ్వే ఉండాలంటే అది నావల్లా కాదు, నీవల్లా కాదు, ఆ ప్రభువు ఒక్కడివల్లే అవుతుంది."

లిడియా బల్ల మీద కూలబడింది. అత్తగారి మాటలో అబద్ధం వెతికింది. పొద్దుట్నుంచీ ఆవిడ చెప్పిన వాటిల్లో నిజం ఇదొక్కటే.

"చివరిసారి అడుగుతున్నాను," అంది నెమ్మదిగా. "శుక్రవారం శుక్రవారం నాకు వచ్చిన ఆ గొంతెవరిది?"

జోజి గేటు వైపు చూసేడు. ఆటో ఆగింది.

ఆటోలోంచి రాజోలులో ఉండే జెస్సీ అత్తగారు దిగింది. చంకలో నాలుగున్నరేళ్ళ మనవరాలు నిఖిత. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

జెస్సీ చేతిలో బట్ట పారేసి పరిగెత్తింది. "ఎందుకు తీసుకొచ్చేరండీ అత్తయ్యగారూ! నేనొచ్చేదాకా ఉంచమన్నాను కదండీ!"

"నాతరం కాలేదమ్మా. నిన్నట్నుంచి అన్నం ముట్టలేదు. ఫోన్లో అమ్మ పాట పెట్టు, అమ్మ పాట పెట్టు అని ఒకటే రాగం. నేను పాడితే నువ్వు కాదు అంటుంది. మీ అమ్మ పాడుతుందిలే పద అంటే, ఆ అమ్మ కాదంటుంది. నాకేం అర్థం కాలేదు."

"తర్వాత మాట్లాడుకుందాం, లోపలికి... కాదు, పక్కింటికి..."

"ఏ అమ్మ జెస్సీ?" అంది లిడియా బల్ల మీంచి.

నిఖిత ఏడుపు ఆపేసింది.

మెడ తిప్పి వరండా వైపు చూసింది. చూసిన గుర్తు లేని మనిషి. కాని గొంతు తెలుసు. నానమ్మ చంకలోంచి జారి, తల్లి చేతికింద నుంచి దూరి, పరిగెత్తుకొచ్చి లిడియా కాళ్ళని చుట్టేసుకుంది.

"అమ్మా! అన్నం తిన్నాను! నువ్వు తిన్నావా? ఎప్పుడొస్తావు?"

ఒక్క గుక్కలో అప్పజెప్పేసింది. కొంచెం ముక్కుతో. చివర్న చిన్న నవ్వు.

లిడియా చేతులు రెండూ గాల్లో ఆగిపోయేయి. ఈ గొంతుకి జలుబు చేస్తే తను కువైట్‌లో అన్నం తినలేదు. ఈ గొంతు కొత్త మాట నేర్చుకున్న రోజు మేడమ్ తిట్టినా పట్టలేదు. ఈ గొంతు కోసమే ఎవరికీ చెప్పకుండా ఎగిరి వచ్చింది.

జెస్సీ వచ్చి కూతురి వీపు మీద ఫెడీమని కొట్టింది. "అత్త! అత్త అనాలి! ఎన్నిసార్లు చెప్పేను? అమ్మ కాదు!"

"మావయ్య అమ్మా అనమన్నాడు!" నిఖిత గుక్కపట్టింది.

అభిషేక్ ఎక్కణ్ణుంచో వచ్చేడు. ఏడుస్తున్న నిఖిత ముందు నిలబడి, ఇసక అంటిన అరిచెయ్యి దాని గొంతు మీద ఆనించేడు. రోజూ చేసే పనిలా చేసేడు. నిఖిత వెక్కుతూనే, వాడి చేతి కింద పాట ఎత్తుకుంది.

*"పడవొచ్చె పడవొచ్చె రేవుకాడికి,*
*అమ్మొచ్చె అమ్మొచ్చె అభికాడికి..."*

లిడియా కట్టిన పాట. కువైట్ వంటింట్లో, ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించి పాడి, పిల్లాడి చెవి దగ్గర పెట్టండని పంపిన పాట. ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే ఊపిరి తీసుకుంటోంది ఆ పిల్ల. అభిషేక్ అరిచెయ్యి తియ్యకుండా, దాని పెదవుల వంక చూస్తూ, "ఊఁ..." అన్నాడు.

"మావయ్య ఇంకేం చెప్పమన్నాడమ్మా?" అడిగింది లిడియా.

"లిడియా, పిల్లని వదిలెయ్," అన్నాడు జోజి.

"చెప్పు నిఖితా."

"అన్నం తిన్నావా అనమన్నాడు. ముద్దు పెట్టమన్నాడు. శుక్రవారం చెప్తే చాక్లెట్టు ఇస్తాడు." ముక్కు చీది, అభిషేక్ వైపు జాలిగా చూసింది. "అభికి ఇవ్వడు. వాడు చెప్పడు కదా."

జోజి మొహం పక్కకి తిప్పుకున్నాడు. అతన్ని చూడాలని లిడియాకి కూడా అనిపించలేదు. పిడికిట్లో అచ్చు అరిచేతికి గుచ్చుకుంటోంది. రెండో చెయ్యి తనకి తెలియకుండానే నిఖిత తల మీదకి వెళ్ళింది. తియ్యాలనుకుంది. తియ్యలేకపోయింది.

ఆ చెయ్యి తగిలేసరికి పిల్లకి ధైర్యం వచ్చింది. తలెత్తి లిడియా మొహంలోకి చూసింది.

"అమ్మా, నువ్వు మళ్ళీ ఎప్పుడెళ్తావు?"

"ఎందుకమ్మా?"

"నువ్వెళ్తేనే కదా, శుక్రవారం వచ్చేది."

పొద్దుట్నుంచీ ఎప్పుడెళ్తావన్న ఆ మాటే ఎలా అడగాలా అని దారి వెతుకుతున్న ముగ్గురూ ఆ పిల్ల వెనకే నిలబడి ఉన్నారు. ఒక్కరూ దాన్ని ఆపలేదు.